బెంగళూరు వానలు, తెలుగు ఫోన్లు: వాతావరణ మార్పులపై జనం ఎలా స్పందిస్తున్నారు?

2022 సెప్టెంబరు 5 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో బెంగళూరులో 131.6 మిల్లీమీటర్ల వాన పడింది. బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు పరిసరాలు నీట మునిగాయి. మెడలో కంపెనీ కార్డులతో ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. కోట్ల రూపాయల విల్లాల నుంచి కుటుంబాలను పడవల మీద బయటికి తెచ్చారు. ఆ వీడియోలు అనంతపురం, కడప, నెల్లూరు, ఖమ్మం ఇళ్లకు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం పీజీ హాస్టళ్లలోనూ అపార్టుమెంట్లలోనూ ఉంటున్న తెలుగు యువతీయువకుల తల్లిదండ్రులు ఆ ఊళ్లలోనే ఉన్నారు మరి.

అలాంటి వీడియోల కింద జనం ఏం రాస్తారో చూస్తే ఒక విషయం తెలుస్తుంది. చెరువుల్లో ఇళ్లు కడితే ఇంతేనని కొందరంటారు. రాజకాలువల (వాన నీటిని తీసుకెళ్లే పెద్ద కాలువల) ఆక్రమణల మీద, కట్టిన పన్నుల మీద, అధికారంలో ఉన్న పార్టీ మీద కోపం పొంగుతుంది. తెలుగు ఖాతాల్లోనైతే హైదరాబాదు మేలా, బెంగళూరు మేలా అన్న పాత తగాదా ఎలాగూ వచ్చి చేరుతుంది. అసలు వానల తీరు ఎందుకు మారుతోంది, ఒక్క రాత్రిలో ఇంత వాన పడడం ముందుముందు ఇంకా పెరుగుతుందా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడో ఒక మూల కనిపిస్తుంది. దాన్ని పట్టించుకునేవారూ తక్కువే.

దీన్ని చూసి జనానికి వాతావరణ మార్పుల మీద పట్టింపు లేదని తేల్చేయడం సులువు, కానీ అన్యాయం. పట్టింపు ఉంది. జవాబు చెప్పేవారు ఎదురుగా ఉన్నచోట ఇదే జనం ఓపికగా ప్రశ్నలు అడుగుతున్నారు, లెక్కలు చూస్తున్నారు, డబ్బు పెడుతున్నారు. జవాబు చెప్పేవారు లేనిచోట అరుస్తున్నారు, లేదంటే చూసి ఏమీ అనకుండా తర్వాతి వీడియోకు వెళ్లిపోతున్నారు. తేడా మనుషుల్లో కాక, మాట చేరే చోటులో ఉందన్నదే ఈ వ్యాసం వాదన.

ముందుగా స్పందన అంటే ఏమిటో చూడాలి. సామాజిక మాధ్యమాల లెక్కలో లైకు, వ్యాఖ్య, పంచుకోవడం, వీడియో ఎంతసేపు చూశారన్నది మాత్రమే స్పందన. ఈ లెక్క కూడా నిష్పక్షపాతమైనది కాదు. 2017 నుంచి కొన్నేళ్లపాటు ఫేస్‌బుక్ తన సూత్రంలో కోపం బొమ్మకు మామూలు లైకు కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చింది. తర్వాత దశలవారీగా తగ్గించి 2020 నాటికి సున్నా చేసింది. ఆ మధ్యకాలంలో కోపం తెప్పించిన పోస్టు పదిమందికీ కనిపించింది, ఆలోచింపజేసిన పోస్టు వెనకబడింది. చదవడం, పంచుకోవడం కూడా వేరువేరు పనులే. ట్విట్టర్‌లో పంచుకున్న వార్తల లింకుల మీద 2016లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, వాటిలో 59 శాతం లింకులను ఒక్కరు కూడా తెరవలేదు. శీర్షిక చూసే పంపేశారన్నమాట. వాతావరణ మార్పుల వంటి విషయం శీర్షికలో ఇమడదు. అందులో సంభావ్యత ఉంటుంది, దశాబ్దాల సగటులు ఉంటాయి, "ఖచ్చితంగా చెప్పలేం" అనే నిజాయితీ ఉంటుంది. ఇవేవీ వేలి కదలికను ఆపగలిగేవి కావు.

పరిశోధకుల చూపు కూడా చాలాకాలం ఒక్కచోటే నిలిచింది. వాతావరణ మార్పుల గురించి జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి జరిగిన సామాజిక మాధ్యమ అధ్యయనాల్లో ఎక్కువ భాగం ట్విట్టర్ మీదే ఆధారపడ్డాయి. అక్కడ సమాచారం సేకరించడం తేలిక కావడమే దానికి కారణం. తెలుగు ఇళ్లలో మాటలు నడిచేది మాత్రం ప్రధానంగా వాట్సాప్ గుంపుల్లో, యూట్యూబ్‌లో. బంధువుల గుంపు, బ్యాచ్ గుంపు, ఊరి గుంపు, అపార్టుమెంటు గుంపు బయటివారికి కనిపించవు. పైగా 2023లో ట్విట్టర్ తన సమాచారాన్ని ఉచితంగా ఇవ్వడం మానేసింది, 2024 ఆగస్టులో ఫేస్‌బుక్ సంస్థ క్రౌడ్‌టాంగిల్ అనే పరిశీలన సాధనాన్ని మూసేసింది. అంటే అంతో ఇంతో కనిపించే భాగం కూడా మసకబారింది. ఈ విషయంలో తెలుగువారి స్పందన ఇంత శాతమని ఎవరైనా ఢంకా బజాయించి చెబితే అనుమానించాల్సిందే.

2024వ సంవత్సరం బెంగళూరులో ఏం జరిగిందో వరుసగా చూస్తే, ఆన్‌లైన్ స్పందన స్వభావం బాగా అర్థమవుతుంది. 2023లో వర్షాలు ముఖం చాటేశాయి. కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 తాలూకాలను ప్రభుత్వం కరవు ప్రాంతాలుగా ప్రకటించింది. 2024 మార్చి నాటికి నగరంలోని దాదాపు 14,000 ప్రభుత్వ బోరుబావుల్లో 6,900 ఎండిపోయాయి. రోజుకు 2,600 మిలియన్ లీటర్ల నీరు కావాల్సిన నగరానికి 500 మిలియన్ లీటర్లు తక్కువ పడుతున్నాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చెప్పారు. తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఏప్రిల్ 28న ఉష్ణోగ్రత 38.5 డిగ్రీలకు చేరింది. నగర చరిత్రలో ఏప్రిల్ నెలకు సంబంధించి 2016 నాటి 39.2 డిగ్రీల తర్వాత ఇదే అత్యధికం. జూన్ 2న ఒక్కరోజే 111.1 మిల్లీమీటర్ల వాన పడి, 1891 నుంచి చెక్కుచెదరని జూన్ రికార్డు బద్దలైంది. దప్పిక, ఎండ, ముంపు నాలుగు నెలల్లోనే ఒకే నగరాన్ని తాకాయి.

ఆన్‌లైన్‌లో మాత్రం ఇవి మూడు వేర్వేరు కథలయ్యాయి. మార్చిలో ట్యాంకర్ల ధరల మీద మాటలు నడిచాయి, ఏప్రిల్‌లో ఏసీ కొనాలా వద్దా అన్నది చర్చ, జూన్‌లో విరిగిన చెట్ల ఫొటోలు. ఒకదాన్ని మరొకదానితో కలిపి చూసిన పోస్టులు చాలా అరుదు. దీనికి జనం మతిమరుపును నిందించి లాభం లేదు. సామాజిక మాధ్యమం నడిచేది గంటల లెక్కన. వాన వెలిసిన మర్నాటికి ఆ వీడియో పాతబడుతుంది, దాని చోట్లోకి క్రికెట్టో సినిమా టీజరో వస్తుంది. కరవు వంటి నెమ్మది విపత్తుకైతే చూపించడానికి దృశ్యమే ఉండదు. ఖాళీ కుళాయిని ఎన్నిసార్లు చూపించగలరు?

దీనికి తోడు మనిషి మనసు చాలా తొందరగా అలవాటు పడిపోతుంది. అమెరికాలో 200 కోట్లకు పైగా ట్వీట్లను పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనం, జనం దేన్ని "మామూలు వాతావరణం" అనుకుంటారో లెక్కగట్టింది. గత 2 నుంచి 8 ఏళ్లలో చూసినదే వారికి మామూలు. అసాధారణమైన ఎండ వరసగా కొన్నేళ్లు కాస్తే దాని గురించి మాట్లాడడం మానేస్తారు, కానీ ఆ ఎండ వల్ల కలిగే చిరాకు మాత్రం తగ్గదు. ఈ ఫలితం అమెరికాది. అయినా బెంగళూరులో ఉన్న తెలుగువారి మధ్య దీని జాడలు పోల్చుకోవడం కష్టం కాదు. ఫ్యాను లేకుండా వేసవి గడిచిన రోజులను తలచుకునేవారు ఎప్పుడో వచ్చి స్థిరపడిన పెద్దలు. 2022 తర్వాత ఉద్యోగానికి వచ్చిన కుర్రవాడికి మునిగే రింగ్ రోడ్డే అసలు బెంగళూరు. ఒకే పోస్టు కింద వీరిద్దరి వ్యాఖ్యలు ఎదురుపడితే పెద్దాయన మాట ముసలి బెంగగా కనిపిస్తుంది. నిజానికి ఆ బెంగలో ముప్పై నలభై ఏళ్ల పరిశీలన దాగి ఉంటుంది. దాన్ని తవ్వి తీసే ప్రశ్న ఎవరూ అడగరు. అడిగితే ఎంత బాగుండేది!

ఇక్కడ మరో వైపు నుంచి జరిగే పొరపాటును కూడా చెప్పుకోవాలి. ప్రతి వానకూ ప్రతి ఎండకూ వాతావరణ మార్పే కారణమని ఉత్సాహంగా రాసేవారున్నారు. శాస్త్రం అంత తొందరపడదు. 2015 డిసెంబరు 1న చెన్నై శివారు తాంబరంలో ఒక్కరోజే 49 సెంటీమీటర్ల వాన పడి నగరం మునిగినప్పుడు, గీర్ట్ యాన్ వాన్ ఓల్డెన్‌బోర్గ్ నాయకత్వంలో భారతీయ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న ఒక బృందం ఆ వానను అధ్యయనం చేసింది. మానవ ప్రేరిత వాతావరణ మార్పు వల్ల ఆ స్థాయి వాన పడే అవకాశం పెరిగినట్టు ఆధారం దొరకలేదని తేల్చింది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉత్తర భారతాన్ని, పాకిస్తాన్‌ను కాల్చిన వడగాలులు మాత్రం వాతావరణ మార్పు వల్ల దాదాపు 30 రెట్లు ఎక్కువ సంభావ్యం అయ్యాయని ఇలాంటి మరో అధ్యయనం చెప్పింది. 2024 జులై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడడానికి కారణమైన వాన తీవ్రత 10 శాతం మేర పెరిగిందని ఇంకొకటి చెప్పింది. ఒక్కో ఘటనకు ఒక్కో జవాబు. బెంగళూరు ముంపులోనైతే పూడిన చెరువుల వాటా, కుంచించుకుపోయిన రాజకాలువల వాటా కళ్లకు కడుతూనే ఉన్నాయి. "అంతా గ్లోబల్ వార్మింగే" అనే పోస్టు ఆక్రమణదారుకు ఎంతో హాయినిస్తుంది. "అంతా ఆక్రమణలే" అనే పోస్టు కూడా సగం నిజమే చెబుతుంది. ఆ రెండు సగాలనూ కలిపి చెప్పే తెలుగు వీడియో చేయడం కష్టం, చేస్తే చూసేవారు తక్కువ. కానీ అత్యవసరమైనది అదే.

వ్యాఖ్యల్లో జరిగే మరో మళ్లింపు తెలుగువారికి నేరుగా తగులుతుంది. నీటి ఎద్దడి వార్త కింద చర్చ చాలా తొందరగా "బయటివాళ్లు వచ్చి పడడం వల్లే" అన్నచోటికి చేరుతుంది. అక్కడి నుంచి భాష, తర్వాత ఊరు, ఆపైన తిట్లు. 2024 మార్చిలో నీటి కొరతను చూపి, మా దగ్గర నీళ్లున్నాయి రండంటూ కేరళ పరిశ్రమల మంత్రి పి. రాజీవ్ బెంగళూరు ఐటీ కంపెనీలకు ఆహ్వానం పలికిన తర్వాత ఈ వాదం మరింత ముదిరింది. స్థానికుడి బాధలో న్యాయం ఉంది. తరతరాలుగా ఉన్న తన వీధి బావి ఎండిపోయింది. వలస వచ్చినవాడి బాధలోనూ న్యాయం ఉంది. కరవు నేల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, ఇక్కడ మళ్లీ ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్నాడు. అనంతపురం జిల్లా నుంచి బెంగళూరు భవన నిర్మాణ పనులకు వచ్చినవారిలో చాలామందిని కదిలించింది వానలు లేకపోవడమే. ఇద్దరినీ ఒకే ఎండ తరుముతోంది. అయినా ఒకరినొకరు తిట్టుకోవడానికి వీలుగానే ఆ వేదిక అమరి ఉంది.

ఇక వాట్సాప్ సంగతి. ప్రతి ఏటా తెలుగు బంధువుల గుంపుల్లో తిరిగే ఒక సందేశం ఉంది. "అఫీలియన్" వల్ల భూమి సూర్యుడికి చాలా దూరం జరుగుతోంది, ఆగస్టు దాకా చలి ఎక్కువ, పిల్లలకు దగ్గు జలుబు వస్తాయి, జాగ్రత్త అని. నిజానికి భూమి ప్రతి జులై మొదట్లో సూర్యుడికి దాదాపు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, జనవరి మొదట్లో దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటుంది. తేడా మూడు శాతమే. చలి, ఎండలను నిర్ణయించేది భూమి అక్షం వంపు. వేసవి రాగానే తిరిగే ఇంకో సందేశం, ట్యాంకు నిండా పెట్రోలు పోయిస్తే ఎండకు బండి పేలుతుందన్నది. ఇండియన్ ఆయిల్ సంస్థ ఖండించినా అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది.

ఇలాంటివి ఎందుకు ఇంతగా తిరుగుతాయి? 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ట్విట్టర్‌లో దాదాపు 1,26,000 వార్తా కథనాల ప్రయాణాన్ని పరిశీలించి, అబద్ధపు వార్తను ఇతరులకు పంచే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువని చెప్పింది. కొత్తదనం, ఆశ్చర్యం దానికి కారణమంది. కుటుంబ గుంపుల విషయంలో దానికి మరొకటి చేర్చాలి. ఆ సందేశం చివర "జాగ్రత్త" అనే మాట ఉంటుంది. చేయాల్సిన పని చెబుతుంది. బెంగళూరులో ఉన్న కూతురికి కడపలోని తల్లి దాన్ని పంపుతోందంటే, శాస్త్ర సమాచారం పంపుతున్నానని కాదు, నీ మీద నాకు ధ్యాస ఉందని చెబుతోంది. అందుకే "అమ్మా, ఇది అబద్ధం" అన్న జవాబు పెద్దగా పనిచేయదు. నిజమైన వాతావరణ సమాచారంలో ఆ ఆప్యాయతకు చోటు దొరకడం లేదు. "2024లో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ" అన్న ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటనను తల్లి కూతురికి ఎందుకు పంపుతుంది? పంపి ఏం చేయమంటుంది? అదే "ఈ వారం మీ దగ్గర రాత్రిళ్లు కూడా ఉక్కగా ఉంటుందట, మధ్యాహ్నం బయటికి వెళ్లకు, నీళ్లు ఎక్కువ తాగు" అన్న నిజమైన హెచ్చరికను తప్పకుండా పంపుతుంది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్కరికే పంపేలా వాట్సాప్ కట్టడి పెట్టింది. దానివల్ల అలాంటి సందేశాల ప్రవాహం 70 శాతం తగ్గిందని ఆ సంస్థ చెప్పింది. అబద్ధం వేగం తగ్గింది సరే, ఖాళీ అయిన చోట్లోకి నిజం దానంతటది రాదు.

గత కొన్నేళ్లలో పర్యావరణం పేరిట తెలుగువారంతా ఒక్కటై స్పందించిన సందర్భం 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చింది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో యంత్రాలు దిగి చెట్లు నరకడం మొదలుపెట్టాయి. విద్యార్థుల వీడియోలు దేశమంతటా తిరిగాయి. బెంగళూరులోని తెలుగు ఉద్యోగుల ఖాతాల్లోనూ అవే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని చెట్ల నరికివేతను ఆపమంది. అప్పటికే దాదాపు 100 ఎకరాల పచ్చదనం పోయింది. సామాజిక మాధ్యమాల ఒత్తిడి గొంతు కోర్టు గడప దాకా వినపడిందనడానికి ఇది మంచి ఉదాహరణ. కానీ ఆ వెల్లువలోనే కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు కూడా కలిసి వచ్చాయి. యంత్రాల ముందు పరుగెత్తే జింకలు, ఏడుస్తున్నట్టున్న నెమళ్లు. ప్రభుత్వం ఆ బొమ్మలను పట్టుకుని కేసులు పెట్టింది. అలాంటి ఒక బొమ్మను పంచుకున్నందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు నోటీసు వెళ్లింది. దాంతో చర్చ నరికిన చెట్ల మీది నుంచి దొంగ బొమ్మల మీదికి మళ్లింది. నిజంగా నరికిన చెట్ల ఫొటోలే చాలినన్ని ఉండగా ఆ బొమ్మలు అక్కర్లేదు. అవి ఉద్యమానికి చేసిన మేలు కంటే చేటు ఎక్కువ.

ఈ ఘటనలో గమనించాల్సింది మరొకటి ఉంది. జనాన్ని కదిలించింది ఒక చోటు, ఒక చెట్టు, ఒక జంతువు. ఎదురుగా ఆపమని అడగదగిన ఒక ప్రభుత్వం, ఆపగలిగిన ఒక కోర్టు ఉన్నాయి. 2016లో బెంగళూరులో జరిగింది కూడా ఇదే. బసవేశ్వర కూడలి నుంచి హెబ్బాళ దాకా తలపెట్టిన ఉక్కు వంతెన కోసం 812 చెట్లు కొట్టాల్సి వస్తుందని తెలిసినప్పుడు, "స్టీల్ ఫ్లైఓవర్ బేడ" (ఉక్కు వంతెన వద్దు) అన్న కన్నడ నినాదం ఆన్‌లైన్‌లో పుట్టి, అక్టోబరు 16న వీధుల్లో మానవహారమైంది. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ పథకాన్ని విరమించుకుంది. కర్బన ఉద్గారాలకు ఇలాంటి చిరునామా లేదు. ఎవరిని ఆపమని అడగాలి?

అడిగేవారి మీద ఎలాంటి బరువు పడుతుందో కూడా జనం చూశారు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ముసాయిదా మీద అభ్యంతరాలు పంపమని పిలుపునిచ్చిన యువజన బృందాల వెబ్‌సైట్లు కొంతకాలం మూతపడ్డాయి. 2021 ఫిబ్రవరి 13న రైతు ఉద్యమానికి సంబంధించిన ఒక ఆన్‌లైన్ పత్రం విషయంలో బెంగళూరు యువతి, పర్యావరణ కార్యకర్త దిశా రవిని ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు. పది రోజుల తర్వాత కోర్టు బెయిలిచ్చింది. పరాయి రాష్ట్రంలో అద్దె ఇంట్లో ఉంటూ, వీసా కోసమో పదోన్నతి కోసమో ఎదురుచూసే ఉద్యోగి ఇలాంటి వార్త చదివాక ఏదైనా రాసేముందు రెండుసార్లు ఆలోచిస్తాడు. అతని మౌనాన్ని నిర్లక్ష్యంగా లెక్కగట్టకూడదు. ఆ ముసాయిదా విషయంలోనే ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఇచ్చిన ఆదేశం ఎంతో విలువైనది. హిందీ, ఇంగ్లిషుల్లో మాత్రమే ఉన్న దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నింటిలోకి అనువదించమంది. చదవలేని పత్రం మీద ఎవరు అభిప్రాయం చెబుతారు?

మౌనానికి మరో కారణం, ఎదుటివాడికి పట్టదేమోనన్న అపోహ. 125 దేశాల్లో దాదాపు 1,30,000 మందిని అడిగి 2024లో ప్రచురించిన సర్వేలో 69 శాతం మంది వాతావరణ మార్పులను ఎదుర్కోవడానికి తమ ఆదాయంలో 1 శాతం ఇస్తామన్నారు. తోటివారిలో ఎంతమంది ఇస్తారని అడిగితే వారి అంచనా సగటున 43 శాతమే. మన దేశం సంగతికొస్తే, 2022లో వెలువడిన యేల్ విశ్వవిద్యాలయ సర్వేలో సగానికి పైగా జనం భూతాపం గురించి తమకు కొద్దిగానే తెలుసనో, అసలు వినలేదనో చెప్పారు. రెండు ముక్కల్లో వివరించిన తర్వాత అది జరుగుతోందని ఒప్పుకున్నవారు 84 శాతం. ఎండిన బోరును, ముందే రాలిన మామిడి పూతను చూసినవారికి విషయం తెలియకపోవడమేముంది? ఆ చూసినదాన్ని ఈ పేరుతో ఎవరూ వారికి కలిపి చెప్పలేదు, అంతే. 2023 జులైలో టమోటా కిలో 150 దాటి కొన్నిచోట్ల 200 రూపాయలకు చేరినప్పుడు తెలుగు మీమ్‌లకు కొదవ లేదు. మదనపల్లె, కోలారు తోటలను దెబ్బతీసిన ఎండలు, వానలు, ఆకుముడత వైరస్, అంతకుముందు ధరలేక పంట వదిలేసిన రైతులు ఆ మీమ్‌లలో కనిపించలేదు.

తెలుగులో ఈ విషయంపై అసలైన సంభాషణ ఎక్కడైనా నడుస్తోందంటే అది వాన కబురు చెప్పేవారి దగ్గరే. తమిళనాడు వెదర్‌మ్యాన్‌గా పేరుపొందిన ప్రదీప్ జాన్ చెన్నైలో వేసిన బాటలో తెలుగు రాష్ట్రాల్లోనూ ఔత్సాహికులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేరుతో తెలుగులో సూచనలిచ్చే సాయి ప్రణీత్ వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. 2021 జులైలో ప్రధాని తన మన్ కీ బాత్‌లో ఆయన పనిని ప్రస్తావించారు. ఇలాంటి పేజీల కింద వ్యాఖ్యల స్వభావమే వేరు. మా మండలానికి వాన ఎప్పుడు, వేరుశనగ ఇప్పుడు పీకవచ్చా, రేపు రాత్రి బెంగళూరు నుంచి బస్సు ఎక్కవచ్చా అని అడుగుతారు. జవాబు వస్తుంది. తప్పితే మర్నాడు నిలదీస్తారు. జవాబుదారీతనం ఉన్నచోట మాట పద్ధతిగా ఉంటుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటేదాకా, ఎన్నో కుటుంబాలు వాన ఎటు వస్తోందో ఇలాంటి పేజీల్లోనే చూసుకున్నాయి. ఈ వాన కబురుకు రెండు వాక్యాలు జోడిస్తే చాలు. ఈ నెలలో ఇంత వాన గత 30 ఏళ్లలో ఎన్నిసార్లు పడింది, సముద్రం ఎంత వేడెక్కింది అని. రోజువారీ వాతావరణం నుంచి దశాబ్దాల వాతావరణానికి వంతెన అక్కడే పడుతుంది. అది వేస్తున్నవారు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు.

రెండో చోటు అపార్టుమెంటు గుంపు. 2024 మార్చిలో కుళాయిలకు నీటి ధారను తగ్గించే ఏరేటర్లు బిగించాలని జలమండలి ఆదేశించినప్పుడు ఎక్కడ దొరుకుతాయి, ఎంత ఖరీదు, ఎవరు బిగిస్తారు అన్న ప్రశ్నలు నడిచింది ఇక్కడే. వాన నీటిని పట్టి ఇంకించడం బెంగళూరులో 2009 నుంచి పెద్ద స్థలాలకు చట్టపరమైన బాధ్యత. ఇంకుడు బావులు తవ్వే పనిలో ముందున్నది మన్ను వడ్డర్లు. ఇళ్లలో తెలుగుకు దగ్గరి మాట మాట్లాడే ఈ వృత్తి కులం తరతరాలుగా బావుల పనిలో ఆరితేరింది. నగరంలో పది లక్షల బావులు తవ్వాలన్న ప్రచారం వారి నైపుణ్యానికి మళ్లీ గిరాకీ తెచ్చింది. ఐటీ ఉద్యోగి తెలుగు, బావి తవ్వే మనిషి తెలుగు ఒకే ప్రాంగణంలో కలుసుకునే అవకాశం అలా వచ్చింది. ఇలాంటి గుంపులో ఎవరూ "వాతావరణ మార్పు" అనే మాట వాడకపోవచ్చు. కానీ బోరులో నీటి మట్టం ఎంత పడిపోయిందో అడుగుతారు, మూడేళ్ల బిల్లులు పక్కపక్కన పెట్టి చూస్తారు. ఏ పరిశోధకుడి లెక్కకూ అందని ఈ మాటలే అసలైన స్పందన.

అయితే ఈ గుంపుకీ ఒక గోడ ఉంది. అపార్టుమెంటు సంఘంలో ఓటు ఇంటి యజమానులది. బెంగళూరు తెలుగు ఉద్యోగుల్లో చాలామంది అద్దెకుండేవారు. అందరి గుంపులో వారు ఎన్ని ప్రశ్నలడిగినా ఇంకుడు బావికి డబ్బు పెట్టాలా వద్దా అన్నది యజమానుల సమావేశంలో తేలుతుంది. రెండేళ్లలో వేరే ఇంటికి మారిపోయే మనిషి ఇరవై ఏళ్ల భూగర్భ జలం గురించి అడగడమేమిటని అక్కడ అనుకుంటారు. నగరపాలికలోనూ ఇదే కథ. బీబీఎంపీ పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. 2022లో ముంపు వచ్చినప్పుడు గానీ 2024లో నీళ్లు కరవైనప్పుడు గానీ వార్డుకో కార్పొరేటర్ లేడు. 2024 ఏప్రిల్ 26న, ఎండ రికార్డుల అంచున ఉన్న రోజుల్లో, బెంగళూరు లోక్‌సభకు ఓటేసింది. తెలుగు ఉద్యోగుల్లో ఎంతోమంది తమ ఓటు కోసం మే 13న సొంతూళ్లకు బస్సెక్కారు. నీళ్లు తాగే ఊళ్లో ఓటు లేదు, ఓటున్న ఊళ్లో వారు ఉండరు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్‌లో) అధికారుల ఖాతాలను ట్యాగ్ చేస్తూ వాళ్లు రాసే కోపపు మాటలను ఈ వెలుగులో చూడాలి.

ఈ గోడలో కొంత భాగాన్ని తీసేయడానికి చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. బోరు ఎన్ని గంటలు నడిచింది, ట్యాంకర్లు ఎన్ని వచ్చాయి, కావేరి మీటరు ఎంత తిరిగింది, వాన పడిన రోజు ఇంకుడు బావిలోకి నీళ్లు దిగాయా లేదా అన్న నాలుగు అంకెలను వారానికోసారి యజమానుల గుంపులోనే కాక అందరి గుంపులోనూ పెట్టవచ్చు. కన్నడంలో, తెలుగులో, ఇంగ్లిషులో. కావలివాడికీ, ఇంటి పనికి వచ్చే ఆమెకూ అర్థమయ్యేలా వాయిస్ సందేశంగా కూడా. 2024 అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ మొదలై నగరానికి రోజుకు 775 మిలియన్ లీటర్ల అదనపు సామర్థ్యం వచ్చాక ట్యాంకర్ల మాట కొంత సద్దుమణిగింది. ఈ అంకెలు రాసిపెట్టడం మొదలుపెట్టాల్సింది ఇలా సద్దుమణిగిన రోజుల్లోనే.